కాపలా కోసం మనుషులకు దూరంగా పెంచిన కుక్క

ప్రశ్న: నల్లగొండలో హైదరాబాద్ రోడ్డుకు దగ్గరగా కొత్తగా ఏర్పడిన కాలనీలో మాకు సొంత ఇల్లు ఉంది. చుట్టూ ఇంకా ఖాళీ ప్లాట్లే ఎక్కువ కావడంతో, దొంగల భయానికి పద్నాలుగు నెలల కింద రెండు నెలల వయసున్న జర్మన్ షెపర్డ్ మగపిల్లను కొన్నాం. ఇప్పుడది 36 కిలోల బరువుంది. మనుషులకు అలవాటు పడితే కాపలాకు పనికిరాదని నలుగురూ చెప్పడంతో దాన్ని బయట తిప్పలేదు, ఇంటికి వచ్చినవాళ్లను ముట్టుకోనివ్వలేదు. పగలు మెట్ల కింద గొలుసుతో కట్టేసి, చీకటి పడ్డాక ప్రహరీ లోపల వదిలేస్తాం. అప్పుడప్పుడు మా అబ్బాయి వీధి చివరిదాకా తీసుకెళ్తాడు. రెండు నెలల కింద పాలు పోసే ఆమె కొంగు పట్టి లాగింది. పోయిన వారం, సాయంత్రం అప్పుడే గొలుసు విప్పి ఉండగా, పక్కింటి ఎనిమిదేళ్ల బాబు బంతి కోసం గేటు తీసుకొని లోపలికి వస్తే మీదపడి ముంజేయి కరిచింది. ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకున్నాం. అయినా వాళ్లు కేసు పెడతామంటున్నారు. గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు ఉండగా పిల్లవాడు లోపలికి రావడం మా తప్పెలా అవుతుంది? కుక్కకు చిన్నప్పుడు సూదులు వేయించాం, ఈ ఏడు వేయించలేదు. ట్రైనర్ దగ్గర రెండు నెలలు వదిలిపెట్టమని మిత్రులు, దేవరకొండ దగ్గర మా మేనమామ బత్తాయి తోటకు పంపేయమని మా బాపు అంటున్నారు. పంపితే అన్నం ముట్టనని మా పన్నెండేళ్ల కొడుకు మొండికేస్తున్నాడు. మమ్మల్ని ఏం చేయమంటారు? — ఒక పాఠకుడు, నల్లగొండ

సమాధానం: ఈ ఏడు సూది వేయించలేదన్న మీ మాట చదవగానే, ఈ జవాబు ప్రచురితమయ్యేదాకా ఆగడం మంచిది కాదనిపించి మీకు ముందే ఫోన్ చేయించాను. మిగతా పాఠకులకు కూడా అవసరం కాబట్టి ఆ సంగతే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. కుక్క పంటి గాటును, అది బాగా తెలిసిన ఇంటి కుక్కదే అయినా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాల పాటు కడగాలి. పసుపు, కారం, సున్నం వంటివేవీ అద్దకూడదు. చర్మం తెగి నెత్తురు వచ్చిన గాయానికి టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందును కూడా ఎక్కించవలసి ఉంటుంది. టీకాను చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టి, ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు వేస్తారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో దీనికి డబ్బు తీసుకోరు. కరిచిన కుక్కను పది రోజులు విడిగా ఉంచి గమనించాలి, పదో రోజు దాటాక కూడా అది మామూలుగా తిని తిరుగుతుంటే కరిచిన నాటికి దాని చొంగలో రేబిస్ క్రిమి లేదని అర్థం. అయినప్పటికీ బాబుకు మిగిలిన సూదులు ఆపాలా వద్దా అన్నది వైద్యుడు చెప్పవలసిన మాట, కుక్క బాగానే ఉందన్న ధీమాతో మీరు చెప్పేది కాదు. లక్షణాలు బయటపడ్డ తరువాత రేబిస్ నుంచి దాదాపుగా ఎవరూ బతకరు. గడువు పూర్తయ్యాక మీ కుక్కకు టీకా వేయించి, ఆ కార్డును ఇంట్లో భద్రపరచి, ప్రతి ఏడాదీ అదే నెలలో వేయించండి.

ఇక మీ ప్రశ్నలో అందరికంటే ముందు మీరు మీకోసం అడిగిన భాగానికి వస్తాను. తప్పు మీదే. పిల్లవాడు గేటు తీయడం పొరపాటే కావచ్చు గాని, ఎనిమిదేళ్ల పిల్లవాడికి బంతి ఎటు పడిందో తప్ప గేటు మీద ఏం రాసి ఉందో కనపడదు. వాడి వయసు తెలిసిన పెద్దలుగా గేటుకు గడియ, తాళం, లోపల మరొక అడ్డు ఉంచవలసిన పని మీది. పైగా మీరు రక్షణ అనుకుంటున్న ఆ బోర్డే, ఈ కుక్క వల్ల ప్రమాదం ఉందని మీకు ముందే తెలుసుననడానికి సాక్ష్యంగా నిలబడుతుంది, పాలామె కొంగు సంగతి దానికి తోడవుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ప్రకారం, తన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్రమైన గాయానికో అవకాశం ఉన్నప్పుడు దాన్ని నివారించడానికి సరిపడే జాగ్రత్తను తెలిసి గాని, నిర్లక్ష్యం వల్ల గాని తీసుకోనివారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇదే నేరానికి జరిమానా 1,000 రూపాయలే ఉండేది. కుక్క పళ్లు తగిలినప్పుడే యజమాని బాధ్యత మొదలవుతుందని కూడా అనుకోకండి. 2023 జనవరిలో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో భోజనం పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన యువకుడొకడు, ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ తన మీదికి ఉరికి రావడంతో తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి కింద పడి, ఆస్పత్రిలో ప్రాణం విడిచాడు. పోలీసులు కేసు పెట్టింది కుక్క యజమాని మీద.

మీరు అడగకపోయినా, ఈ సందర్భంలో చాలామంది అడిగే మరో మాటకు ఒక్క ముక్కలో జవాబు చెప్పి ముందుకు వెళ్తాను. కొన్ని పెద్ద జాతి కుక్కలను నిషేధించమని కేంద్ర పశుసంవర్ధక శాఖ 2024 మార్చిలో రాష్ట్రాలకు రాసిన లేఖలో 23 జాతుల పేర్లున్నాయి, అందులో జర్మన్ షెపర్డ్ లేదు. ఆ లేఖను తరువాతి నెలలోనే కర్ణాటక, ఢిల్లీ హైకోర్టులు కొట్టివేశాయి. జాతి పేరు చూసి ఇది మంచిది, అది చెడ్డది అని తేల్చుకోవడం వల్ల యజమానికి ఒరిగేదేమీ లేదు. కాని బరువును మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. నాలుగు కిలోల పొమరేనియన్‌ను సరిగా పెంచకపోతే మీ అత్తమ్మ కాలి బొటనవేలికి గాటు పడుతుంది, 36 కిలోల కుక్కను అంతే నిర్లక్ష్యంగా పెంచితే పక్కింటి పిల్లవాడు ఆస్పత్రి పాలవుతాడు. రెండిళ్లలోనూ పెంపకంలో జరిగిన లోపం ఒక్కటే, దాని ఫలితాన్ని అనుభవించేవాళ్లు వేరు.

ఆ లోపం ఎక్కడ జరిగిందో మీ ఉత్తరంలోనే ఉంది. మనుషులకు అలవాటు పడితే కాపలాకు పనికిరాదన్న మాటను నేను పాత మహబూబ్‌నగర్ జిల్లాలో పశువైద్యుడిగా పనిచేసిన ముప్పై ఏళ్లలో ఎన్ని వందల సార్లు విన్నానో చెప్పలేను. అది అబద్ధమని నాకు నేర్పింది పుస్తకాల కంటే ముందు మక్తల్, నారాయణపేట వైపు గొర్రెల మందలు. ఎరువు కోసం చేలల్లో రాత్రుళ్లు మంద పెట్టే చోటికి మీరు చీకట్లో వెళ్లి చూడండి. ఇంకా యాభై గజాల దూరం ఉండగానే కుక్క లేచి నిలబడి మొరుగుతుంది, గొంగడి కప్పుకొని పడుకున్న కాపరి లేచి దాన్ని ఒక్క కేక వేస్తాడు, అది తగ్గుతుంది, మీరు వెళ్లి కూర్చుంటే కాసేపటికి మీ చెప్పులు వాసన చూసి పక్కకు పోతుంది. దానికి ఎవరూ ట్రైనింగ్ ఇచ్చినట్టు కనిపించదు. కాని అది కళ్లు తెరిచిన నాటి నుంచి గొర్రెపిల్లల మధ్య పడుకుంది, కాపరి పిల్లల చేతుల్లో నలిగింది, ఊరూరా తిరిగే మందతో పాటు సంతలూ రోడ్లూ లారీలూ చూసింది, పొద్దంతా యజమాని గొంతు వినేంత దూరంలోనే ఉంది. ఇన్ని చూసిన కుక్కకు ఏది మామూలో తెలుసు కాబట్టి మామూలు కానిది వచ్చినప్పుడు మాత్రమే మొరుగుతుంది. మీ కుక్కకు మెట్ల కింద నుంచి కనిపించిన ప్రపంచంలో పాలామె, కరెంటు బిల్లు ఇచ్చే మనిషి, బంతి కోసం వచ్చే పిల్లవాడు, గోడ దూకే దొంగ అందరూ ఒక్కటే. అందరినీ చూసి మొరిగే కుక్క మొరిగితే ఇంట్లోవాళ్లే నిద్ర లేవరు, అలాంటప్పుడు అది చేసే కాపలా ఏపాటిది?

జర్మన్ షెపర్డ్ కూడా పుట్టుకతో మంద కుక్కే అన్నది మనవాళ్లు మరచిపోతుంటారు. మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ సైనికాధికారి 1899లో ఈ జాతిని స్థిరపరచడం మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్న కుక్కలు గొర్రెలు కాసేవే. రోజంతా నడిచి, మనిషి చూపును బట్టి పని చేసే స్వభావం దానిది. అటువంటి జంతువును మూడు గజాల గొలుసుకు కట్టి, పని ఏమీ చెప్పకుండా, వచ్చేపోయేవాళ్లను చూస్తూ గింజుకొనేలా చేస్తే దాని తెలివి అంతా ఆ గింజుకోవడంలోకే పోతుంది.

కుక్కపిల్లకు మనుషులనూ శబ్దాలనూ భయం లేకుండా చూసే వయసు చాలా చిన్నది. మూడో వారంలో మొదలై పన్నెండో వారం, మహా అయితే పద్నాలుగో వారం దాకా ఉంటుంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో దీని మీద ఏళ్ల తరబడి పరిశోధన జరిగింది. 1961లో వెలువడిన ఒక ప్రయోగంలో, కంచె వేసిన మైదానంలో పద్నాలుగు వారాల దాకా మనిషి తాకిడి లేకుండా పెరిగిన పిల్లలు ఆ తరువాత ఎంత ప్రయత్నించినా అడవి జంతువుల్లాగే దూరం దూరం పోయాయి. మీరు పిల్లను ఎనిమిదో వారంలో తెచ్చారు, అంటే మీ చేతిలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉన్నాయి. ఆ వారాల్లోనే టీకాలు పూర్తి కాలేదు, పార్వో సోకుతుంది, బయటికి తీయవద్దని వైద్యులు కూడా చెబుతారు. పార్వో నిజంగా ప్రాణాంతకమైన వ్యాధే కాబట్టి వీధికుక్కలు తిరిగే నేల మీద పిల్లను దింపకూడదు గాని, చంకనెత్తుకొని క్లాక్ టవర్ సెంటర్ దాకా తీసుకెళ్లి అరగంట ఆటోల రొద వినిపించడానికి, టీకాలు వేసిన కుక్కలున్న బంధువుల ఇంటికి తీసుకెళ్లడానికి, గడ్డం ఉన్నవాళ్లు, బుర్ఖా వేసుకున్నవాళ్లు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లు తలా ఒక ముక్క తినిపించడానికి ఆ భయం అడ్డు రాకూడదు. కొత్తగా పిల్లను తెచ్చుకోబోతున్న పాఠకులు ఈ పేరాను మళ్లీ ఒకసారి చదవాలని నా మనవి, ఎందుకంటే ఆ ఆరు వారాల్లో రోజుకు అరగంట శ్రమతో వచ్చేది తరువాత ఆరు నెలలు కష్టపడ్డా పూర్తిగా రాదు.

మీకు ఉపదేశం చేసే అర్హత నాకు పూర్తిగా ఉందని అనుకోవడం లేదు. వనపర్తిలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నేనూ ఒక డాబర్‌మన్‌ను పెంచాను. డాక్టరుగారి కుక్క అని అందరూ దూరం నుంచే చూసి పోయేవారు, నాకూ అది గొప్పగానే ఉండేది. ఒకనాడు తెల్లవారుజామున నేను గేటు గడియ సరిగా వేయని పాపానికి పేపర్ వేసే కుర్రవాడి పిక్క పట్టుకుంది. పద్నాలుగు కుట్లు పడ్డాయి. అంతకు ముందు వారం రోజులుగా ఆ కుర్రవాడిని చూసినప్పుడల్లా అది బిగుసుకుపోయి నిలబడటం నేను చూస్తూనే ఉన్నాను, చదువుకున్నవాడిని కూడా, అయినా పట్టించుకోలేదు.

కుక్క కరిచే ముందు చెప్పకుండా కరవడం చాలా అరుదు. మూతి నాకడం, నిద్ర లేకుండానే ఆవులించడం, తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డుతో చూడటం, ఒళ్లు రాయిలా బిగబట్టడం, పెదవి ఎత్తి గుర్రుమనడం వరుసగా జరుగుతాయి. తోక ఊపుతోంది కదా అని దగ్గరికి వెళ్లకూడదు, పైకి నిక్కపొడుచుకొని గట్టిగా కదిలే తోక సంతోషానికి గుర్తు కాదు. మొరిగే కుక్క కరవదన్న సామెతను ఎవరు పుట్టించారో గాని వాళ్ల పిక్క మాత్రం క్షేమంగా ఉండి ఉంటుంది. ఇంకో పెద్ద పొరపాటు, గుర్రుమన్నప్పుడల్లా కుక్కను కొట్టడం. దెబ్బల వల్ల దాని భయం పోదు, భయాన్ని చెప్పే గుర్రు మాత్రమే పోతుంది, ఆ తరువాత అది హెచ్చరిక లేకుండా నేరుగా కరుస్తుంది. పాలామె కొంగు పట్టిన రోజు మీ ఇంట్లో దాన్ని కొట్టారని మీరు రాయలేదు, కాని కొట్టే ఉంటారని నా అనుమానం.

గొలుసు విషయం కూడా తేల్చుకోవాలి. మితిమీరినంత సేపు పొట్టి గొలుసుతో గాని బరువైన గొలుసుతో గాని కట్టి ఉంచడం, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం నేరాలే. చట్టాన్ని పక్కనబెట్టినా, మనిషి కనిపించిన ప్రతిసారీ ముందుకు ఉరికి మెడ బిగుసుకోవడం వల్ల, మనిషి రావడమంటే గొంతు నొప్పి అన్న పాఠాన్ని మీ కుక్క రోజుకు పదిసార్లు నేర్చుకుంది. దానికి శిక్షణ ఇవ్వలేదని మీరనుకుంటున్నారు గాని, ఏడాదికి పైగా ఇస్తూనే ఉన్నారు.

ట్రైనర్ దగ్గర రెండు నెలలు వదిలిపెట్టడం గురించి: వద్దు. అక్కడ అది ట్రైనర్ మాట వినడం నేర్చుకుంటుంది, ఇంటికి వచ్చాక మీ మెట్ల కింద మళ్లీ పాత కుక్కే అవుతుంది. ఎద్దును కాడికి అలవాటు చేసేటప్పుడు రైతు తన చేతులతో తన చేనులోనే అలవాటు చేస్తాడు, పక్క ఊరికి పంపి దున్నడం నేర్పించుకురాడు. ట్రైనర్ సాయం తీసుకోండి, తప్పకుండా తీసుకోండి, కాని వారానికి రెండుసార్లు మీ ఇంటికే రమ్మనండి, కుక్కను పట్టుకొనేది మీరై ఉండాలి, ఆయన మీకు నేర్పాలి. మెడకు ముళ్ల పట్టీ, బిగుసుకొనే గొలుసు, కరెంటు షాక్ ఇచ్చే బెల్టు వాడతానని గాని, యజమాని ఎవరో దానికి ఒకసారి గట్టిగా చూపించాలని గాని అన్నవాడికి టీ ఇచ్చి పంపించేయండి. భయంతో కరిచే కుక్కకు ఇంకాస్త భయం పెట్టడం వైద్యం కాదు.

బత్తాయి తోట సంగతి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మన జిల్లాల్లో కరిచిన కుక్కలన్నీ చివరకు చేరేది ఏదో ఒక తోటకే. మీ బాపు ఉద్దేశం మంచిదే కావచ్చు, తోటలో చోటు ఎక్కువ, మనుషులు తక్కువ అని ఆయన అనుకుంటుండవచ్చు. కాని బత్తాయి తోటలో మనుషులు ఎప్పుడు తక్కువ? పాదులు తవ్వడానికి, మందు కొట్టడానికి, కాయ తెంపడానికి తెల్లవారకముందే కూలీలు వస్తారు, వాళ్లలో ఆడవాళ్లు పసిపిల్లలను చెట్టు కింద చీర ఉయ్యాలలో పడుకోబెట్టి పనిచేస్తారు, కాయలకు లారీ వచ్చిన నాడు ముక్కూమొహం తెలియనివాళ్లు పదిమంది తిరుగుతారు. మీ కాలనీలో కనీసం ప్రహరీ ఉంది, తోటకు కడీలు పాతి తీగ లాగి ఉంటారు. అక్కడ ఎవరినైనా కరిస్తే దేవరకొండ ఆస్పత్రికి చేరడానికే గంట పట్టవచ్చు, కరిపించుకున్న కూలీ మీ పక్కింటివాళ్లలా కేసు పెడతామని కూడా అనలేదు, రెండు రోజుల కూలి పోగొట్టుకొని ఊరుకుంటుంది. అంటే ప్రమాదం తగ్గదు, నోరు లేనివాళ్ల మీదికి జరుగుతుంది. ఎప్పటికైనా కుక్కను మరొకరికి ఇవ్వవలసి వస్తే, అది ఎవరిని, ఎప్పుడు, ఎలా కరిచిందో దాచకుండా చెప్పి, పెద్ద కుక్కలను పెంచిన అనుభవం, తాళం వేసే గేటు, చిన్నపిల్లలు లేని ఇల్లు ఉన్నవాళ్లకే ఇవ్వాలి. అలాంటివాళ్లు సులభంగా దొరకరు, అందుకే ముందు మీ ఇంట్లో చేయగలిగింది చేయాలి.

ముందుగా కుక్కను పశువైద్యశాలకు తీసుకెళ్లి నొప్పి ఏదైనా ఉందేమో చూపించండి. జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీలు వదులుగా ఉండటం తరచుగా కనిపించే జబ్బు, చెవిలో చీము ఉన్నా, ఒళ్లంతా గోమార్లు పట్టినా తాకనివ్వదు. వృషణాలు తీయించే ఆపరేషన్ గురించి అడుగుతారేమో, దానివల్ల ఆడకుక్కల కోసం గోడ దూకడం తగ్గుతుంది గాని భయం వల్ల కరిచే గుణం పోదు.

ఇంటి దగ్గర గేటుకు పిల్లల చేయి అందని ఎత్తులో రెండో గడియ పెట్టి తాళం వేయండి. ప్రహరీ లోపల, గేటుకు కనీసం నాలుగు గజాలు ఎడంగా జాలీ కంచె కట్టించి, పైన నీడ వేయించి, కుక్కను అందులో గొలుసు లేకుండా ఉంచండి. గేటు తీసినవారికి, కుక్కకు నడుమ ఎప్పుడూ ఒక అడ్డు ఉండాలి. మీ బాబు దాన్ని బయటికి తీసుకెళ్లడం నేటి నుంచే ఆపాలి. వాడి ప్రేమను నేను తక్కువ చేయడం లేదు, కాని తన బరువుకు దాదాపు సమానమైన జంతువు ఒక్కసారి ఉరికితే పన్నెండేళ్ల పిల్లవాడు పట్టీ వదిలేస్తాడు, లేదా పట్టీతో పాటు ఈడ్చుకుపోతాడు. వాడికి అన్నం పెట్టే పని, దువ్వే పని, పెద్దవాళ్లు పక్కన ఉండగా మాట నేర్పే పని ఇవ్వండి.

మాట నేర్పడం అన్నాను కాబట్టి చెబుతున్నాను, ఇంట్లో అందరూ కలిసి కూర్చొని ఒక్కో పనికి ఒక్కో మాటే నిర్ణయించుకోండి. మీరు కూర్చో అని, మీ అబ్బాయి సిట్ అని, మీ బాపు కూసో అని అంటుంటే కుక్క ముగ్గురినీ వదిలేసి తనకు తోచింది చేస్తుంది. కూర్చోవడం, ఆగడం, పిలిస్తే రావడం, నోట్లోది వదలడం, ఈ నాలుగు చాలు. పొద్దున పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు, ఆకలిగా ఉన్నప్పుడు, ఉడికించిన కోడి కార్జం చిన్న ముక్కలు చేసి పెట్టుకొని నేర్పండి. చెప్పింది చేసిన క్షణంలోనే ముక్క అందాలి, కాసేపాగి ఇస్తే దేనికిచ్చారో దానికి తెలియదు.

నూర్పిడి కళ్లంలో ఎడ్ల మూతికి చిక్కం కట్టడం మీ బాపు చూసే ఉంటారు. కుక్కకు కూడా బుట్టలా వెడల్పుగా ఉండే చిక్కం దొరుకుతుంది, దాన్ని కొనండి. మూతిని బిగించి కట్టే బట్ట రకం వద్దు, ఎందుకంటే కుక్క ఒంటి వేడిని ముఖ్యంగా నోరు తెరిచి వగర్చడం ద్వారా చల్లార్చుకుంటుంది, మన నల్లగొండ ఎండల్లో నోరు కట్టేస్తే వడదెబ్బతో పోతుంది. చిక్కాన్ని ఒక్కరోజులో తగిలించకుండా, వారం పది రోజులు అందులో ముక్క వేసి తనంతట తాను మూతి పెట్టేలా చేసి, తరువాత నిమిషం, ఐదు నిమిషాలు ఉంచుతూ అలవాటు చేయండి. చిక్కం, ఛాతీ పట్టీ వేసి, బలమున్న పెద్దవాళ్లు పట్టుకొని, ఎండాకాలంలో తెల్లవారి ఐదు గంటలకల్లా పానగల్ చెరువుకట్ట వైపో మీ కాలనీ ఖాళీ ప్లాట్ల వైపో నడిపించండి. దూరంగా మనిషి కనిపించి, కుక్క చూసి ఇంకా బిగుసుకోకముందే ముక్క పెట్టండి. ఆ దూరం మొదట అరవై గజాలు ఉండవచ్చు. వారానికి ఐదు గజాలు తగ్గినా చాలు. బిగుసుకుంటే మీరు తొందరపడ్డారని అర్థం, వెనక్కి వెళ్లండి. వినాయక చవితి డీజేలకు, దీపావళి టపాసులకు దాన్ని ఇంటి లోపలి గదిలో ఉంచండి, అలవాటు కావాలని వాటి మధ్యకు తీసుకెళ్లిన వాళ్లు నేర్పిన దానికంటే చెరిపింది ఎక్కువ.

ఇదంతా చేస్తే ఆరు నెలల్లో మీ కుక్క చిక్కంతో, పట్టీతో, మనుషుల పక్కనుంచి గొడవ లేకుండా నడవగలదని నా అంచనా. చిన్నపిల్లల మధ్య విప్పి వదిలే కుక్క మాత్రం అది ఎన్నటికీ కాకపోవచ్చు, ఆ సంగతిని ఇంకో పన్నెండేళ్ల పాటు గుర్తుపెట్టుకొని గేటు వేయగలరా లేదా అని ఇంట్లో అందరూ కలిసి ఇప్పుడే ఆలోచించుకోండి.

పక్కింటికి మీరు దంపతులిద్దరూ కలిసి వెళ్లండి. ఖర్చు ఇచ్చాం కదా అన్న మాట, బోర్డు మాట అక్కడ ఎత్తకండి. బాబు చేయి ఎలా ఉందో, రాత్రుళ్లు నిద్రపోతున్నాడో లేదో అడిగి, టీకా కార్డు, కొత్త గడియ, జాలీ కంచె చూపించండి. భయం పోవాలని బాబును తెచ్చి కుక్కను నిమిరించే పని మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు. వాళ్లు కేసు పెట్టడం వాళ్ల హక్కు, పెడితే కోపగించుకోకుండా న్యాయవాదిని కలవండి.

పాలామె దగ్గర కూడా మీరు ఇంతవరకు క్షమాపణ అడిగినట్టు లేదు, ముందు అది చేయండి. రోజూ ఒకే వేళకు, ఒకే దారిన, ఒకే గొంతుతో వచ్చే మనిషి కాబట్టి కుక్కకు కొత్తవారిని అలవాటు చేయడానికి ఆమెను మించినవారు మీకు దొరకరు. ఆమె వీధిలోనే నిలబడి, జాలీకి ఇవతల మీరు కుక్కను పట్టుకొని ఉండగా, మీరిచ్చిన ముక్కను లోపలికి విసిరి వెళ్లిపోతే నెల రోజుల్లో దాని చెవుల తీరే మారుతుంది. అందుకు ఆమె మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే మొదలుపెట్టండి. భయంగా ఉందంటే బలవంతం చేయకుండా, రేపటి నుంచి గిన్నె పట్టుకొని మీరే వీధి మలుపు దాకా వెళ్లి పాలు పోయించుకోండి.